కొర్రమీను, పూమీను, మట్టగిడస: చన్నా చేపల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చన్నా అంటే కొర్రమీనేనా?

కొర్రమీను అందులో ఒకటి. చన్నా అనేది ప్రజాతి పేరు, 1777లో స్కోపొలి అనే శాస్త్రవేత్త పెట్టాడు. ఆసియా నదుల్లో, చెరువుల్లో, వరిమళ్లలో ఈ ప్రజాతికి చెందిన జాతులు 50కి పైనే ఉన్నాయి. ఆఫ్రికాలో ఉన్న దగ్గరి చుట్టాలను పారాచన్నా అని వేరుగా లెక్కిస్తారు. ఒళ్లు గుండ్రంగా, పొడుగ్గా ఉంటుంది. తల చదునుగా, పెద్ద పొలుసులతో పాముతలను తలపిస్తుంది. వీపు రెక్క తల వెనక మొదలై దాదాపు తోకదాకా ఒకే చాలుగా సాగుతుంది. రెక్కల్లో ముళ్లు ఉండవు కాబట్టి జెల్లల్లా పొడుస్తుందన్న భయం అక్కర్లేదు. భయపడాల్సింది పళ్లకే.

పాత పుస్తకాల్లో ఓఫియోసెఫాలస్ అని కనిపిస్తే కంగారుపడకండి, అదీ ఇదే. ఆ గ్రీకు మాటకు పాముతల అని అర్థం. చన్నా స్ట్రయేటస్ అని కొందరు, చన్నా స్ట్రయేటా అని కొందరు రాస్తారు. ప్రజాతి పేరు స్త్రీలింగం కాబట్టి రెండోదే సరైనది. చేప మాత్రం ఒక్కటే.

నీళ్లలో ఉండే చేప గాలి పీల్చడమేమిటి?

చన్నా గురించి వచ్చే సగం ప్రశ్నలకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. మొప్పలకు పైన, తలలో రెండు పక్కలా ఒక్కో గది ఉంటుంది. దాని లోపలి పొర మడతలు పడి, నిండా సన్నటి రక్తనాళాలతో ఉంటుంది. చేప పైకి వచ్చి నోటితో గాలి గుటక వేస్తే ఆ గాలి ఆ గదుల్లోకి చేరుతుంది, అక్కడి నుంచి ఆక్సిజన్ రక్తంలోకి పోతుంది. మొప్పలు ఉన్నా పెద్ద చేపకు అవి సరిపోవు. పైకి రానీయకపోతే చచ్చిపోతుంది.

చేప నీళ్లలో మునిగి చావడమా అని నవ్వొచ్చు. కానీ రాత్రి కట్టిన వలలో చిక్కి తెల్లారేసరికి చచ్చి కనిపించే కొర్రమీను చాలావరకు అలా చచ్చిందే. నిండుగా నీళ్లు పోసి మూత బిగించిన డ్రమ్ములోనూ జరిగేది అదే. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో పిల్లలకు ఈ గదులు ఇంకా తయారుకావు. వాటికి నీళ్లలో కరిగిన ఆక్సిజనే దిక్కు. పెద్ద చేపను, బుల్లి పిల్లను ఒకే లెక్కన చూస్తే పిల్లలు పోతాయి.

కొర్రమీను, పూమీను, మట్టగిడసలను విడివిడిగా గుర్తుపట్టేదెలా?

పేర్లు జిల్లా జిల్లాకూ మారతాయి. కొర్రమీనును కొర్రమట్ట అనేవాళ్లున్నారు, పూమీనును పూలచేప అంటారు. అందుకే పేరు పక్కనపెట్టి చేపనే చూడండి.

కొర్రమీను అంటే చన్నా స్ట్రయేటా. వీపు నలుపు లేదా గోధుమ రంగు, పొట్ట తెలుపు. పక్కల కింది సగంలో ముందుకు వంగిన బాణం గుర్తుల్లాంటి చారలు ఉంటాయి. తోక మొదట్లో కన్నులాంటి మచ్చ ఉండదు. మీటరు దాకా పెరగగలదు గానీ బజారుకొచ్చేవి ఎక్కువగా కిలో అటూఇటూ.

పూమీను అంటే చన్నా మరూలియస్. తోక మొదట్లో పైభాగాన నల్లటి గుండ్రటి మచ్చ, దాని చుట్టూ నారింజ అంచు. చిన్న చేపలో ఈ కన్ను స్పష్టంగా కనిపిస్తుంది, ముదిరేకొద్దీ చెదిరిపోవచ్చు. పెద్దదాని ఒంటిమీద ముత్యాలు చల్లినట్టు తెల్ల చుక్కలుంటాయి. మీటరు దాటి పెరిగే చేప.

మట్టగిడస అంటే చన్నా పంక్టేటా. జానెడు నుంచి అడుగు లోపే. ఒళ్లంతా నల్లటి నలకలు ఉండొచ్చు. అనుమానమొస్తే వీపు రెక్కలోని ఈనెలు లెక్కపెట్టండి: మట్టగిడసకు 30 దగ్గర, కొర్రమీనుకు 40 అటూఇటూ, పూమీనుకు 50 అటూఇటూ. చిన్న కొర్రమీనని చెప్పి మట్టగిడసను అంటగడితే ఈ లెక్కతో తేలిపోతుంది.

నాలుగోది చన్నా గాచువా. కొండవాగుల్లో, రాళ్ల కింద ఉండే చిన్న చేప. రెక్కలకు నారింజ అంచు ఉంటుంది. గుడ్లను, పిల్లలను మగది నోట్లో పెట్టుకుని సాకుతుంది, మిగతా మూడూ అలా చేయవు.

వీటిలో నిజంగా నది చేప ఏది?

పూమీను. ఎండాకాలంలోనూ ఎండని లోతు మడుగులు, రాతి అంచులు, పెద్ద జలాశయాలు దానికి కావాలి. కొర్రమీను వరద మైదానాల చేప. వానాకాలంలో నది పొంగి వాగులు, కాలువలు, పొలాలు కలిసినప్పుడు నిలవనీటిలోకి పోయి గుడ్లు పెడుతుంది. మట్టగిడసకు మురికి గుంటైనా చాలు.

చెరువు ఎండితే కొర్రమీను ఎక్కడికి పోతుంది? నేలమీద నడుస్తుందంటారు, నిజమేనా?

చాలావరకు ఎక్కడికీ పోదు. తడి బురదలోకి దూరి, పైకి చిన్న కన్నం ఉంచుకుని, ఒంటి జిగురు ఆరకుండా కాలం గడుపుతుంది. ఎండిన కుంటలో గునపంతో తవ్వి కొర్రమీనులు తీసేవాళ్లు వెతికేది ఆ కన్నం కోసమే. బురద పూర్తిగా బీటలువారి ఆరిపోతే మాత్రం బతకదు.

నడక మాట అతిశయోక్తి. దానికి కాళ్లలాంటి రెక్కలేవీ లేవు. వాన పడుతున్న రాత్రి తడి గడ్డిమీద ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ పక్క గుంటకు పోగలదు, అంతే. పెంచేవాళ్లకు ఆ కాస్త దూరమే కొంప ముంచుతుంది.

బతికున్న చేపకు అంత రేటెందుకు? నల్లగా ఉంటే నాటుదా?

గాలి పీల్చగలదు కాబట్టి తడిగా ఉంచితే గంటల తరబడి బతుకుతుంది. కళ్లముందు కొట్టించుకునే వీలున్న చేప గనుక రేటు కూడా అలాగే ఉంటుంది. చచ్చిన కొర్రమీనుకు బతికున్న దాని రేటు ఇవ్వకండి. ఐసులో పెట్టింది కొంటే మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. ఒంటి జిగురు తేటగా ఉండాలి, పాలిపోయి ముద్దలు కట్టకూడదు.

ఇక రంగు సంగతి. నల్లగా ఉంటే చెరువుది, తెల్లబారితే ఫారందని చెప్పే మాటను నమ్మకండి. అది ఉన్న నీటిని, అడుగును బట్టి రంగు మార్చుకుంటుంది. అదే చేపను లేతరంగు తొట్టిలో వేస్తే కాసేపటికే వెలవెలబోతుంది.

జారిపోతుంటే ఎలా పట్టుకోవాలి, ఎలా శుభ్రం చేయాలి?

గోనె సంచి ముక్కతో తల వెనక గట్టిగా పట్టి, తలమీద బరువైన కర్రతో ఒక్క దెబ్బ సరిగ్గా కొట్టండి. ఉప్పు చల్లి గిలగిల కొట్టుకోనివ్వడం వల్ల రుచీ పెరగదు, పనీ తగ్గదు.

తర్వాత బూడిద లేదా రాళ్ల ఉప్పు, బూడిద దొరక్కపోతే తవుడు పట్టించి జిగురు వదిలేదాకా గరుకు బండమీద రుద్దండి. పొలుసులు తోక నుంచి తలవైపు గీకాలి. తలమీది పొలుసులు మొండివి, వాటికి కత్తి మొన కావాలి. పొట్ట చీల్చేటప్పుడు పేగు తెగకుండా చూసి, వెన్నుకు అంటుకున్న గడ్డరక్తాన్ని బొటనవేలి గోరుతో గీకి తీయండి. నీచు వాసనకు మొదటి కారణం ఆ రక్తమే. ఉప్పు, పసుపు, కాస్త నిమ్మరసం పట్టించి పది నిమిషాలు ఉంచి రెండు నీళ్లలో కడిగితే చాలు.

దీంట్లో ముళ్లు తక్కువన్నది నిజమేనా?

నిజమే. బొచ్చె, రవ్వ వంటి చేపల కండలో ‘వై’ అక్షరంలా చీలిన సన్నటి ముళ్లు విడివిడిగా పరుచుకుని ఉంటాయి. చన్నా కండలో అవి లేవు. వెన్నుముల్లు, పక్కటెముకలు తీస్తే మిగిలేదంతా కండే. పిల్లలకు, పెద్దవాళ్లకు పెట్టడానికి భయపడక్కర్లేని చేప. కండ గట్టిది కాబట్టి పులుసులో విరగదు. కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు తీసుకోండి. పులుసు మరిగాకే ముక్కలు వేయండి. గరిటె పెట్టకుండా దాకనే పట్టి కుదుపుతూ పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. ముక్క వెన్ను దగ్గర విప్పి చూస్తే కండ తెల్లగా పొరలుగా విడిపోవాలి, గాజులా మెరవకూడదు.

ఈ జాగ్రత్త రుచి కోసం మాత్రమే కాదు. గ్నాథోస్టోమా అనే నులిపురుగు పిల్లలు ఈ చేపల కండలో ఉండగలవు. పచ్చిగానో, సగం ఉడికిందో తింటే అవి మనిషి చర్మం కింద తిరుగుతాయి, అరుదుగా కంటికి, మెదడుకు చేరతాయి. థాయిలాండ్‌లో ఇది బాగా తెలిసిన జబ్బు. నిమ్మరసంలో నానబెడితే పురుగు చస్తుందనుకోవడం పొరపాటు, వేడి తగలాల్సిందే.

ఉబ్బసానికి మందంటారు కదా?

మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఇచ్చే చేప ప్రసాదంలో మందు ముద్దను బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. పిల్ల వేలంత ఉంటుంది. కొర్రమీనునే వాడటానికి కారణం ఊహించడం కష్టం కాదు, అంత జనంలో అన్ని గంటలు చేతిలో బతికుండే పిల్లలు తక్కువే. దీనితో ఉబ్బసం తగ్గుతుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లాలనుకుంటే వెళ్లండి, ఇన్హేలరు మాత్రం మానకండి.

మలేషియాలో, ఇండోనేషియాలో శస్త్రచికిత్స తర్వాత పుండు త్వరగా మానుతుందని కొర్రమీను రసం తాగిస్తారు. మాంసకృత్తులు బాగా ఉన్న చేప కాబట్టి కోలుకునేవాళ్లకు మంచి ఆహారమే. అంతకుమించి ఆశించకండి.

చెరువులో ఎర్రగా ఉండలా తిరిగే పిల్లల గుంపు దీనిదేనా? పట్టొచ్చా?

దీనిదే. వానలు పడ్డాక ఆడా మగా జత గట్టు దగ్గర నాచు, గడ్డి పక్కకు తోసి పళ్లెమంత ఖాళీ చేసుకుంటాయి. గుడ్లలో నూనెబొట్టు ఉండటంతో అవి పైకి తేలి సన్నటి పొరలా పరుచుకుంటాయి. ఒకటిన్నర రోజులోపే పిల్లలు బయటికొస్తాయి. కొన్నాళ్లకు నారింజ ఎరుపు రంగు తిరిగి గుంపుగా ఈదుతాయి. నీళ్లమీద వాన చినుకులు పడ్డట్టు ఒకేచోట బుడగలు లేస్తుంటే పిల్లలు గాలికోసం పైకి వస్తున్నాయని అర్థం. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. చెయ్యి పెడితే కొరుకుతుంది.

పట్టొద్దు. కాపలా చేపను గాలానికో బల్లేనికో బలిచేస్తే ఆ గుంపును మిగతా చేపలు, కప్పలు, కొంగలు ఒకటి రెండు రోజుల్లో ఖాళీ చేస్తాయి. ఒక్క చేప కోసం చెరువులో ఆ ఏటి కాపు మొత్తం పోగొట్టుకోవడమే అది.

ఇంజక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించే పద్ధతి ఏమిటి?

రెండేళ్లు నిండిన, 600 గ్రాములు దాటిన చేపలను జూన్ నుంచి సెప్టెంబరు మధ్య తీసుకోండి. ఆడదానికి పొట్ట ఉబ్బి మెత్తగా ఉంటుంది, మలద్వారం గుండ్రంగా ఎర్రబారుతుంది. మగది సన్నగా ఉంటుంది, పొట్ట నొక్కినా పాలు సరిగా రాలవు. రాలేదని మగదాన్ని పక్కన పెట్టేయకండి, ఈ చేపల్లో అది మామూలే.

ఓవాప్రిమ్ అనే హార్మోను ఇంజక్షన్ అయితే ఆడదానికి కిలో బరువుకు 0.5 నుంచి 0.6 మిల్లీలీటర్లు, మగదానికి 0.3 నుంచి 0.4, వీపు కండలో ఇవ్వాలి. కాబట్టి 800 గ్రాముల ఆడచేపకు 0.4 మిల్లీలీటర్లు. ఇన్సులిన్ సిరంజి అయితే కొలత తప్పదు. జతను మోకాలి లోతు నీళ్లున్న తొట్టిలో వేసి, సగం మేర గుర్రపు డెక్క పరిచి, పైన వల బిగించండి. వల లేకపోతే ఆ రాత్రే ఎగిరి బయటపడతాయి. దాదాపు ఒక రోజు గడిచేసరికి గుడ్లు కనిపించాలి. తేటగా, లేత బంగారు రంగులో ఉన్నవి పండినవి. తెల్లగా సున్నం ముక్కల్లా ఉన్నవి పండనివి, వాటిని తీసేయండి, లేకపోతే బూజు పట్టి పక్కవాటినీ పాడుచేస్తాయి. పిల్లలు బయటికొచ్చిన మూడో రోజుకు వాటి సొన అయిపోతుంది. అప్పటికి సన్నటి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) గానీ, ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవి పిల్లలు గానీ సిద్ధంగా లేకపోతే కష్టమంతా వృథా.

మొదటిసారి పెంచాలనుకుంటున్నాను. ఎన్ని పిల్లలు, ఎంత మేత?

ముందు పిల్లల సంగతి. అమ్మేవాడు ఏ ఊరి పేరు, ఏ దేశం పేరు చెప్పినా వినండి, కానీ కొనేముందు మీ ఎదురుగా గుళికల మేత వేయించండి. పైకి ఎగబడి తింటే కొనండి. బుట్ట అడుగున నక్కి చూస్తుంటే అవి వాగులో పట్టుకొచ్చినవి కావచ్చు, బతికున్న మేతకే అలవాటుపడ్డవి. వాటిని గుళికలకు మళ్లించడం కొత్తవాళ్ల పని కాదు. 10 సెంటీమీటర్లు దాటినవే తీసుకోండి.

50 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు కుంట అంటే సుమారు 186 చదరపు మీటర్లు. మొదటి ఏడు చదరపు మీటరుకు 3 పిల్లలకు మించొద్దు, అంటే 550 దాకా. నీటి లోతు మీటరు నుంచి మీటరున్నర. గట్టుమీద చుట్టూ మీటరున్నర ఎత్తు వల, కింది అంచు మట్టిలో పాతి, పై అంచు లోపలికి వంచి కట్టండి. మొదటి పెద్ద వానకు ఇది లేని కుంట ఖాళీ అవుతుంది. కొత్త నీళ్లు పారి వచ్చే దిక్కుకే ఇవి ఎదురెక్కుతాయి కాబట్టి ఇన్లెట్ గొట్టానికీ జాలీ ఉండాలి.

మేత తేలే గుళికలే కావాలి, మొదట్లో 40 నుంచి 45 శాతం మాంసకృత్తులున్నవి. పిల్లలప్పుడు బరువులో 5 నుంచి 8 శాతం, 200 గ్రాములు వచ్చాక 3 శాతం. అప్పటికి 500 చేపలుంటే మొత్తం బరువు 100 కిలోలు, రోజుకు 3 కిలోల మేత, పొద్దున సగం, సాయంత్రం సగం. పావుగంటలో తినేసినంతే వేయండి. లెక్క ప్రకారం ఇంకా మిగిలినా మిగలనివ్వండి. చలికాలంలో తిండి తగ్గిస్తాయి, అప్పుడు మీరూ తగ్గించాలి. అన్నీ కుదిరితే 8 నుంచి 10 నెలల్లో అమ్మకానికి వస్తాయి.

చికెన్ వ్యర్థాలు వేస్తే ఖర్చు తగ్గదా? మేత తగ్గినట్టే ఉంటుంది, నీళ్లు కుళ్లి చేపలు పోతాయి. చిన్న చేపలు పట్టి వేయడం ఇంకా చెడ్డది. చిన్న చేపలను మేతకు అలా పట్టేస్తున్నారనే కంబోడియా కొర్రమీను పెంపకాన్ని కొన్నేళ్లు నిషేధించి, 2016లో ఎత్తివేసింది.

గాలి పీల్చే చేప కదా, నీళ్లు మార్చకపోయినా పరవాలేదా?

ఎక్కువమంది దెబ్బతినేది ఈ ఆలోచనతోనే. ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది, కానీ మేత, రెట్ట కుళ్లి అమ్మోనియా పేరుకుంటే దెబ్బతింటుంది. గాలి పీల్చే గది ఆక్సిజన్ ఇస్తుంది గానీ మొప్పల మీద పడే విషాన్ని ఆపలేదు. మేత మిగిలి అడుగున చేరితే, టార్పాలిన్ పరిచిన కుంటలో దాన్ని పీల్చుకునే మట్టి కూడా ఉండదు. చేపలు మేతకు రాకుండా మూలల్లో పైకి తేలి నిలబడితే ఆరోజు మేత ఆపేయండి, అడుగు నీరు మూడో వంతు తీసి కొత్త నీరు పెట్టండి. అమ్మోనియా కిట్టు ఒకటి కొనుక్కుంటే ఊహలు తగ్గుతాయి.

550 వేస్తే 200 మిగిలాయి. ఎవరూ దొంగిలించలేదు, ఏమైనట్టు?

ఒకదాన్నొకటి తినేశాయి. నోట్లో పట్టే ప్రతి తోటి పిల్లా వాటికి మేతే. ఒకే రోజు పొదిగిన వాటిలోనూ నెలకల్లా సైజు తేడా వస్తుంది. వారానికోసారి జల్లెడ పట్టి పెద్దవి, నడిమివి, చిన్నవి వేరుచేయాలి. అన్నీ 15 సెంటీమీటర్లు దాటాక ఈ బెడద బాగా తగ్గుతుంది.

ఒంటిమీద ఎర్ర మచ్చలు, పుండ్లు ఎందుకొస్తాయి?

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో వస్తే అది ఎక్కువగా ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అనే, చేపలకు గుంపుగా సోకే పుండ్ల జబ్బు. మూలం అఫనోమైసిస్ ఇన్వేడాన్స్ అనే బూజులాంటి జీవి. మన దేశంలో 1988 నుంచి ఉంది. చన్నా చేపలకు ఇది బాగా తగులుతుంది. ముందు ఎర్ర చుక్క, తర్వాత పొలుసు రాలి పుండు, ముదిరితే తల కండ కరిగి ఎముక కనిపిస్తున్నా చేప ఈదుతూనే ఉంటుంది.

భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ తయారుచేసిన సిఫాక్స్ అనే మందును హెక్టారు విస్తీర్ణం, మీటరు లోతుకు 1 లీటరు చొప్పున వాడతారు. ఎకరం చెరువులో మీటరు నీళ్లుంటే 400 మిల్లీలీటర్లు, బాగా నీళ్లలో కలిపి అంతటా చల్లాలి. చలి రాకముందే పీహెచ్ చూసి సున్నం చల్లినవాళ్లకు ఈ అవసరం తక్కువగా పడుతుంది. పుండ్లున్న చేపను అమ్మకండి, తినకండి. చచ్చినవి గట్టుమీద పారేయకుండా సున్నం వేసి పూడ్చండి.

దూరం తీసుకెళ్లాలంటే?

ముందురోజు మేత ఆపండి. డ్రమ్ములో చేప వీపు మునిగేంత నీళ్లు చాలు, పైన సగానికి పైగా ఖాళీ ఉండాలి, మూతకు కన్నాలుండాలి. తడి గోనె కప్పండి. బరువు మీద బరువు పేర్చితే అడుగు చేప పైకి రాలేదు, సందేహం లేకుండా పోతుంది. బుల్లి పిల్లలకు మాత్రం ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచులే.

అక్వేరియంలో పెట్టుకోవచ్చా?

కొర్రమీను, పూమీను వద్దు. ఏడాదిలో తొట్టి చాలదు, అప్పుడు దాన్ని ఎక్కడో వదిలేస్తారు. గాచువాకు, ఈశాన్య రాష్ట్రాల బుల్లి జాతి చన్నా బ్లెహెరికి, ఉత్తర బెంగాల్ బుల్లి జాతి చన్నా ఆండ్రావోకు మూడడుగుల తొట్టి సరిపోతుంది. మూత బరువుగా ఉండాలి, నీటికి మూతకు మధ్య 5 సెంటీమీటర్లకు పైగా గాలి ఉండాలి. ఫిల్టర్ గొట్టం దూరే సందు కూడా మూయండి, తెల్లారి నేలమీద ఎండిన చేప దొరికేది ఆ సందు వల్లే. బ్లెహెరి, ఆండ్రావోలకు చలికాలంలో చల్లటి నీళ్లు అలవాటు, ఏడాదంతా హీటరు పెడితే త్వరగా పోతాయి.

అమెరికాలో ఉంటున్నాం, బతికున్న కొర్రమీను దొరుకుతుందా?

దొరకదు, వెతకొద్దు కూడా. 2002లో మేరీలాండ్ రాష్ట్రం క్రాఫ్టన్‌లో ఒక చెరువులో చన్నా ఆర్గస్ పిల్లలు పెట్టి కనిపించింది. ఇది చైనా, కొరియా వైపు చల్లటి నీళ్ల జాతి. చెరువంతా మందు కొట్టి చంపారు. 2004లో పోటోమాక్ నదిలో బయటపడింది, అక్కడ ఇప్పటికీ ఉంది. ఫ్లోరిడా కాలువల్లో మన పూమీను లాంటిదే స్థిరపడింది. 2002 నుంచి ఈ కుటుంబపు చేపలను ప్రాణాలతో గానీ, పొదిగే గుడ్లుగా గానీ దేశంలోకి తేవడం సమాఖ్య చట్టం ప్రకారం నేరం. చాలా రాష్ట్రాల్లో బతికున్నది దగ్గర పెట్టుకోవడమూ నేరమే. ఐసులో గడ్డకట్టించిన ముక్కలకు ఆ నిషేధం వర్తించదు, అయినా మీ రాష్ట్ర నియమం ఒకసారి చూసుకోండి. గాలానికి పోటోమాక్ చేప పడితే అక్కడే చంపి తెచ్చుకోవాలి. పులుసుకు అదీ బాగానే ఉంటుంది.